ప్రకాశానికి, నాలుగో నంబరు గురించి

ఒరేయ్ ప్రకాశం,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇంతకాలం జవాబు రాయనందుకు నాలుగు తిట్టు, పడతాను. ఇక్కడ అంతా క్షేమం. సుజాతకి నైట్ డ్యూటీలు తగ్గాయి. అమ్మ మోకాలు కాస్త నయం. ఇల్లు ఇంకా దొరకలేదు. మిగతావి తర్వాత రాస్తాను. ముందు శనివారం సంగతి చెప్పేయాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా చిన్ని ఇక్కడి కెథడ్రల్ (పెద్ద చర్చి) క్వాయర్‌లో, అంటే పాడే బృందంలో, పాడుతోందని రాశాను కదా. ఈ ఇంగ్లండులో వందల ఏళ్లు కెథడ్రళ్లలో మగపిల్లలే పాడేవారు. 1991లో సాల్స్‌బరీ కెథడ్రల్ వాళ్లు ఆడపిల్లలకి విడిగా ఒక క్వాయర్ పెట్టాక మిగతా చోట్లా మొదలైంది. ఇప్పుడు మా దగ్గర అసిస్టెంట్ ఆర్గనిస్టు (గొట్టాల ఆర్గాన్ వాయించే మనిషి) ఉద్యోగం ఖాళీ అయింది. పేరుకి అసిస్టెంటే గానీ దాదాపు రోజూ సాయంత్రం ఆరాధనకి ఆర్గాన్ మీద కూర్చునేది ఆ మనిషే. పెద్దాయన, అంటే డైరెక్టర్, కింద నిలబడి పిల్లల్ని పాడిస్తాడు. శనివారం ఆడిషన్. అభ్యర్థులు నలుగురు. పిల్లలు ఉన్నచోట తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు తోడుండాలి, ఆ రోజు వంతు నాది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి నాలుగింటిదాకా నేను అక్కడే! నువ్వు పక్కన లేవని ఎన్నిసార్లు అనుకున్నానో.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి. చర్చి మధ్యలో అడ్డంగా ఒక రాతి గోడ, దాని మీద మిద్దె కట్టినట్టు ఆర్గాన్. పైకి మనిషి పట్టీపట్టని మెలికల మెట్లు (మూడో మెట్టు దగ్గర ఎవరు గుర్తొచ్చి ఉంటారో నీకు తెలుసు). కింద కూర్చున్నవాళ్లకి వాయించే మనిషి కనబడరు. పైనున్న మనిషికి డైరెక్టర్ చెయ్యి ఒక చిన్న టీవీలో కనబడుతుంది. కింద పిల్లల గొంతు పైకి చేరేసరికి కాస్త ఆలస్యం. చెవిని నమ్ముకుంటే వెనకబడిపోతారు, కంటిని నమ్ముకుని చేతి కంటే రవ్వంత ముందు నొక్కాలి. మన దగ్గర గాయకుడి మొహం చూస్తూ హార్మోనియం వాయించే నీకు ఇది ఎంత కష్టమో నేను చెప్పనక్కర్లేదు.

పేర్లు మాకెవరికీ చెప్పలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అంతే. అందరికీ ఒకటే పరీక్ష. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ట్రయో సొనాటాలో ఒక భాగం: కుడిచెయ్యి ఒక పాట, ఎడమచెయ్యి ఒక పాట, కాళ్లు ఇంకో పాట, ఒక్క చోట తడబడినా దాచుకోవడానికి వీల్లేదు. తర్వాత అప్పటికప్పుడు ఇచ్చిన కాగితం చూసి వాయించాలి. తర్వాత, "ఊరేగింపు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది, రెండు నిమిషాలు నింపండి" అని ఒక పాట వరుస ఇస్తారు, దాన్ని అల్లుకుపోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలతో ఒక ఆంథెం (క్వాయర్ పాడే ఆరాధన పాట), ఆ తర్వాత బైబిల్లోని 42వ కీర్తన.

ఆంథెం శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీది. ఆయన 1832లో హెర్‌ఫర్డ్ కెథడ్రల్‌కి ఆర్గనిస్టుగా వెళ్లాడు. ఒక ఈస్టర్ రోజున పాడేందుకు పిల్లలూ, బాస్ గొంతుకి కెథడ్రల్ పెద్ద డీన్‌గారి ఇంటి బట్లరూ తప్ప ఎవరూ లేరట. ఉన్నవాళ్లకి తగ్గట్టే రాశాడు. అందులో చివరికొచ్చేసరికి ఆర్గాన్ ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు మోగుతుంది. చిన్ని తెలిసీ ప్రతిసారీ ఉలిక్కిపడింది.

ఒకటో నంబరు బాగానే వాయించాడు, టెన్షన్ తెలిసిపోయింది పాపం. రెండో నంబరు స్టాపులన్నీ (గొట్టాల వరసల్ని మోగించే పిడులు) లాగేసి పిల్లల గొంతుల్ని ముంచేశాడు. మూడో నంబరు... ఒరేయ్, ఆ బాఖ్ వినాల్సింది నువ్వు! ముత్యాలు జారినట్టు. నేను ఇతనికే ఇచ్చేస్తారనుకున్నాను. కానీ కీర్తన మొదలవగానే పిల్లల వెనకే లాక్కుంటూ వచ్చాడు. చెవిని నమ్ముకున్నాడన్నమాట. కచేరీ గొప్పగా చేసేవాడు ఆరాధనలో గొప్పగా వాయిస్తాడని లేదు, అది వేరే విద్య.

ఇక నాలుగు. అప్పటికి మూడు దాటింది, పిల్లలు నీరసించిపోయారు. కీర్తన వరుస ఎంతో చిన్నది, దాన్నే వచనం తర్వాత వచనం తిప్పి తిప్పి పాడతారు. మాటని బట్టి రంగు మార్చాల్సింది ఆర్గనిస్టే. దుప్పి నీటివాగుల కోసం తపించేచోట పైనుంచి ఒకే ఒక్క సన్నటి పిల్లనగ్రోవి స్వరం వచ్చింది. అలలు మీదుగా పొర్లిపోయే వచనం దగ్గర కాళ్లతో మోగించే పెద్ద గొట్టాలు మెల్లగా గురగురమన్నాయి, బల్ల మీద పెట్టిన నా చేతికి ఆ అదురు తెలిసింది. తర్వాత రెండు వచనాలు ఆర్గాన్ ఆపేసి పిల్లల్నే పాడనిచ్చింది. అక్కడే జరిగింది. అలిసిపోయిన పిల్లలు శ్రుతి జారిపోయారు. సరిగ్గా అర శ్రుతి. మన లెక్కలో ఒకటిన్నరలో మొదలెట్టి ఒకటికి వచ్చేసినట్టు. నాకు గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు ఆర్గాన్ రాసున్న శ్రుతిలో అందుకుందంటే పిల్లలు అందరి ముందూ తప్పు పాడినట్టే. చిన్ని కళ్లు నా వైపు తిరిగాయి, దానికి తెలిసిపోయింది.

ఆర్గాన్ అందుకుంది. పిల్లలు ఎక్కడున్నారో అక్కడే. అర శ్రుతి కిందనే! మొత్తం వరుసని అప్పటికప్పుడు కిందికి దించేసి, ఎక్కడా తొణక్కుండా, చివర పాడే గ్లోరియా స్తుతి దాకా అలాగే. డైరెక్టర్ చెయ్యి గాల్లో ఒక క్షణం ఆగింది, అంతే, మళ్లీ కదిలింది. పక్కనున్న పెద్దలకి ఏమీ తెలిసినట్టు లేదు. నాకు కళ్లమ్మట నీళ్లు. ఎందుకో తెలుసా, నాటకంలో పద్యం మధ్యలో గొంతు జారితే మీ తాతయ్య హార్మోనియం మెట్లు మార్చేసి ఆ నటుణ్ణి కాపాడేవారే, ఆ రాత్రే గుర్తొచ్చింది. ఎర్ర దుప్పటి రాత్రి.

తర్వాత టీ దగ్గర ఆ నాలుగో నంబరుని కలిశాను. ముప్పై ఏళ్లుంటాయేమో ఆమెకి, పల్చటి అట్టల బూట్లు గుడ్డసంచిలో పెట్టుకుంటోంది. కాళ్లతో నొక్కే పెడల్స్ కాలికి తెలియాలని అవి వేరే ఉంటాయి. "ఎలా చేశారండీ?" అన్నాను. "పిల్లలు అక్కడున్నారు కదా, నేనే అక్కడికి వెళ్లాను" అంది. ఈ శ్రుతి మార్చడం ఇక్కడ పరీక్షల్లో కూడా ఉందిరా. 1864లో పెట్టిన రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ వాళ్ల డిప్లొమాల్లో అదొక అంశం. కానీ పరీక్షలో మార్చమని ముందే చెప్తారు. ఇక్కడ ఎవరు చెప్పారు?

ఆ రాత్రి కూర్చుని పాత సంగతులన్నీ తిరగేశాను. ఈ ఉద్యోగం ఎప్పుడూ చేతి పని చూసే ఇచ్చారనుకోకు. జర్మనీలో లూబెక్ పట్నం మేరీ చర్చిలో బుక్స్‌టెహూడ 1668లో ఆర్గనిస్టయ్యాడు, ముందున్నాయన కూతుర్ని పెళ్లాడాడు. తను ముసలివాడయ్యాక తన కూతురికీ అదే షరతు. 1703లో హాండెల్, మాథెసన్ అనే కుర్ర సంగీతకారులిద్దరూ వెళ్లి చూసి తిరిగొచ్చేశారు. అచ్చంగా ఇల్లరికం ఉద్యోగం! 1720లో హాంబర్గ్‌లో బాఖ్ వాయిస్తే ముసలి ఆర్గనిస్టు రైన్‌కెన్ అంతటివాడు మెచ్చుకున్నాడు. జేకబ్ చర్చిలో ఖాళీ ఉంది, బాఖ్ పేరూ పరిశీలనలో ఉంది. చివరికి దక్కింది హైట్‌మన్ అనే ఆయనకి, చర్చికి 4000 మార్కులు కట్టాడు. పారిస్ నోట్రడామ్ కెథడ్రల్‌లో ఆర్గనిస్టు లూయీ వియెర్న్ 1937 జూన్ 2న కచేరీ మధ్యలో ఆర్గాన్ మీదే ప్రాణం వదిలాడు. తన తర్వాత డ్యూరుఫ్లే అనే ఆర్గనిస్టు రావాలని ఆయన కోరిక, ఆ రాత్రి పక్కనున్నదీ డ్యూరుఫ్లేనే. పోటీ పెట్టకుండా ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. పారిస్ ఆర్గనిస్టులు గోల పెట్టినా లాభం లేకపోయింది. అదే నోట్రడామ్‌లో 1985లో నలుగుర్ని తీసుకున్నారు, వాళ్లలో ఒలివియే లాత్రీకి ఇరవైమూడేళ్లు. నిప్పంటుకుని మూతపడ్డ ఆ కెథడ్రల్‌ని 2024 డిసెంబర్ 7న మళ్లీ తెరిచారు. ఆర్చ్‌బిషప్ ఆర్గాన్‌ని ఎనిమిదిసార్లు పిలిచాడు, నలుగురు ఆర్గనిస్టులు కాగితం లేకుండా అల్లుతూ జవాబిచ్చారు, లాత్రీ కూడా వాళ్లలో ఉన్నాడు. మేం టీవీలో చూశాం. నాన్న ఉండి ఉంటే...

సరే. ఇదంతా నీకెందుకు రాస్తున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. పదిహేడేళ్లు నువ్వు వాయించిన కీబోర్డు ముందు మీ చర్చి కమిటీ ఎవరో పెద్దమనిషి అల్లుణ్ణి కూర్చోబెట్టింది. ఒక్కసారి ఇద్దరి చేతా వాయించి చూడలేదు. నువ్వు ఉత్తరంలో రెండు ముక్కల్లో తేల్చేశావు, నాకు మాత్రం ఇప్పటికీ మండుతోంది. కరెంటు పోయిన ఆ క్రిస్మస్ రాత్రి మైకులూ కీబోర్డూ చచ్చిపోతే ఇంటికి పరిగెత్తి హార్మోనియం తెచ్చి గుడంతా పాడించింది ఎవరు? అలాంటి చెవి ఉన్నవాడు శనివారం సాయంత్రాలు ఊరికే ఇంట్లో కూర్చోవడం నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. పక్క ఊరి గుడివాళ్లు అడిగారని రాశావు కదా. వెళ్లరా. నాకోసమైనా ఒక్క ఆదివారం వెళ్లు.

ఫలితం చెప్పడం మర్చిపోయాను! నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది, నాలుగో నంబరే. చిన్ని ఇల్లంతా గంతులు. పిల్లల్ని కూడా అడిగారట ఎవరు నచ్చారని. మనవాళ్లంతా ఆమె నంబరే చెప్పారు, ఎందుకని అడిగితే చిన్ని ఏమందంటే... అయ్యో, ఐదూ పది అయిపోయింది, దాని ప్రాక్టీసు వదిలేస్తారు, బయట వాన కూడా. మిగతాది రేపు. వదినకి, పిల్లలకి మా అందరి వందనాలు.

నీ
రత్నం