2024–25 వార్షిక నివేదిక: తోటకు కాపలా, తుపాకికి లెక్క

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, బెంగళూరు నుంచీ, దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపుర, చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, ఆనేకల్ వైపు నుంచీ పనులు మానుకొని వచ్చిన రైతు సోదర సోదరీమణులకు నమస్కారం. కార్యదర్శిగా ఇది నా మూడో నివేదిక. మిగతా విషయాలు క్లుప్తంగా చెప్పి, ఏడాది పొడవునా మనల్ని తిప్పలు పెట్టిన, పంట కాపలాకు లైసెన్సు మీద ఉంచుకున్న తుపాకుల సంగతి కాస్త వివరంగా చెబుతాను.

కార్యవర్గం నాలుగుసార్లు సమావేశమైంది. ఉగాది కలయిక బాగా జరిగింది. పిల్లల పద్యాల పోటీకి బహుమతులు ఇచ్చిన దాతలకు, హాలు ఉచితంగా ఇచ్చిన కల్యాణ మండపం వారికి, మైకు పెట్టిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు.

ఏడాది మొదలే టెన్షన్‌తో మొదలైంది. 2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. రెండో రోజుకే స్టేషన్ల నుంచి ఫోన్లు: "తుపాకి తెచ్చి డిపాజిట్ చేయండి." మన వైపు పోలింగ్ ఏప్రిల్ 26న, లెక్కింపు జూన్ 4న. అంటే రెండున్నర నెలలకు పైగా తుపాకి మన చేతిలో ఉండదు. ఎన్నికల సంఘం నిబంధన చూస్తే, ఎవరి తుపాకి తీసుకోవాలో జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ పరిశీలించి నిర్ణయించాలి. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. ఫలితాలు వచ్చాక వారం గడవగానే తిరిగి ఇచ్చేయాలి. కానీ చాలా స్టేషన్లలో "అందరూ ఇవ్వాల్సిందే" అన్న ఒక్క మాటే వినిపించింది. ఎన్నికలు సజావుగా జరగాలని మనకూ ఉంది కాబట్టి ఎవరమూ వాదించలేదు, ఇచ్చేశాం.

బాధ పెట్టింది ఆ తర్వాతి సంగతి. ఒక స్టేషన్‌లో మన సభ్యులు ముగ్గురికి జులై నెలాఖరు దాకా తుపాకులు చేతికి రాలేదు. వెళ్లినప్పుడల్లా మాల్‌ఖానా (స్టేషన్‌లో వస్తువులు భద్రపరిచే గది) తాళం ఉన్న ఆయన బందోబస్తుకు వెళ్లారనే జవాబు. చివరికి ఇచ్చిన రోజున నేనూ వెంట వెళ్లాను. మన పెద్దాయన ఒకరు తన డబుల్ బ్యారెల్‌ను బల్ల మీద పెట్టి మడత విప్పి, నూనె గుడ్డ చుట్టిన కడ్డీని గొట్టంలోకి తోశారు. అవతలి వైపు నుంచి గుడ్డ ఇటుక పొడి రంగులో వచ్చింది. రెండోసారి తోసినా అదే రంగు. నలభై ఏళ్లుగా ప్రతి ఆదివారం తుడిచి పెట్టుకున్న తుపాకి అది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకొని బయటికి వచ్చేశారు. చట్టాన్ని గౌరవించి తెచ్చి ఇచ్చిన వస్తువును గన్నీ సంచిలో కట్టి, చెమ్మ గోడకు ఆనించి పెట్టడం సబబు కాదని ఈ సభాముఖంగా చెబుతున్నాను. అదే సమయంలో, తుపాకులకు నంబరు చీటీలు కట్టి, ఫోన్ చేసి పిలిచి జూన్‌లోనే తిరిగి ఇచ్చిన స్టేషన్లూ ఉన్నాయి. వారికి మన సంఘం తరఫున ధన్యవాదాలు.

ఇప్పుడు పిట్టల విషయం. ద్రాక్ష వేసినవాళ్లకు చెప్పనవసరం లేదు, కానీ కొత్త సభ్యుల కోసం చెబుతున్నాను. బెంగళూరు బ్లూ రకం ద్రాక్ష గుత్తిలో చిలక తినేది నాలుగు పళ్లే. ముక్కు తగిలి చిట్లిన పండు రసం కింది పళ్ల మీదికి కారుతుంది, దానికి ఈగలు, కందిరీగలు ముసురుతాయి, మూడో రోజుకు బూజు కనిపిస్తుంది. వ్యాపారి వచ్చి ఆ గుత్తిని పైకెత్తి చూసి పక్కన పెట్టేస్తాడు. మనకు పోయేది నాలుగు పళ్లు కాదు, గుత్తి మొత్తం. చిలకలు, గోరింకలు, పిగిలిపిట్టలు పొద్దున, సాయంత్రం పంతం పట్టినట్టు వస్తాయి. టమాటా నారు వేసినవాళ్లకు, వేరుశనగ వేసినవాళ్లకు నెమళ్లతో బాధ. మన తాతలు మంచె ఎక్కి వడిసెల తిప్పేవారు. ఇప్పుడు మంచె ఎక్కే మనిషి దొరకడు కాబట్టి తుపాకి శబ్దం మీద ఆధారపడుతున్నాం.

ఇక్కడే మనలో చాలామంది పొరబడుతున్నారు. తుపాకి ఉంచుకోవచ్చా లేదా అన్నది ఒక చట్టం, పిట్టను కొట్టవచ్చా లేదా అన్నది ఇంకో చట్టం. మొదటిది 1959 ఆయుధాల చట్టం. పంట కాపలాకు మందు కూరే తుపాకికి, అది చాలదనుకుంటే నున్నటి గొట్టం ఉన్న మరో తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని అందులోనే ఉంది. రెండోది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. "పంట కాపలాకు" అని లైసెన్సులో రాసి ఉన్నంత మాత్రాన పిట్టను చంపే హక్కు వచ్చినట్టు కాదు. నెమలి మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. చిలక రెండో షెడ్యూల్‌లో ఉంది. కాకిని, పళ్లు తినే గబ్బిలాన్ని, ఎలుకను ఒకప్పుడు హానికర జీవులంటూ ఐదో షెడ్యూల్‌లో పెట్టారు. 2022 సవరణలో ఆ షెడ్యూలే తీసేశారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. "కాకిని కొడితే ఏం కాదు" అన్న పాత మాట ఇక మరిచిపోండి.

అక్టోబర్‌లో ఒక సభ్యుడి తోటలో కూలికి వచ్చిన కుర్రాడు ఎయిర్‌గన్‌తో చిలకను కొట్టాడు. ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు కదా అనుకున్నాడు. తక్కువ శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేని మాట నిజమే, కానీ చచ్చిపోయింది చిలక. అటవీ సిబ్బంది వచ్చి ఎయిర్‌గన్, పిట్ట రెండూ పట్టుకెళ్లారు. ఆ కుర్రాడి తల్లి మూడు రోజులు ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. లాయర్‌ను పెట్టి, వెంట తిరిగి సాయం చేసిన మన ఉపాధ్యక్షులకు నమస్కారాలు. ఇంకోసారి ఇలాంటిది జరిగితే సంఘం అండగా నిలబడదు. ఈ మాట కఠినంగానే చెబుతున్నాను.

చట్టంలో మనకు దారి అసలే లేదని కాదు. రెండో షెడ్యూల్ జీవుల వల్ల నిలబడిన పంటకు నష్టం జరుగుతుంటే, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చని 11వ సెక్షన్ చెబుతోంది. ఆ అనుమతి కోసం ఫోటోలు, పహణీ నకళ్లు, సర్వే నంబర్లు జతచేసి ఆగస్టులో అర్జీ పెట్టాం. ఈ నివేదిక రాసే రోజుకు ఒక్క గీత జవాబు రాలేదు. ఇస్తారో ఇవ్వరో తర్వాతి సంగతి, "కుదరదు" అని రాసి ఇచ్చినా వలలకు సబ్సిడీ అడగడానికి మాకు ఆ కాగితం పనికొచ్చేది. నాలుగుసార్లు వెళ్లాను. రెండుసార్లు సారు మీటింగ్‌లో ఉన్నారు, ఒకసారి సెలవు, ఒకసారి ఫైలు కనిపించలేదు.

సిటీ పెరిగిన కొద్దీ ఇంకో తలనొప్పి కూడా పెరిగింది. తోట పక్కనే లేఅవుట్ వచ్చింది, అపార్ట్‌మెంట్ వచ్చింది. పొద్దున ఆరింటికి పిట్టలను తోలడానికి ఒక్కసారి పేలిస్తే బాల్కనీల నుంచి 112కు ఫోన్లు వెళుతున్నాయి. వాళ్లను తప్పుపట్టలేం, పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా తుపాకి వాడితే రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ అని 2019 సవరణలో చేర్చారు. ఇళ్లు దగ్గరగా ఉన్న తోటల్లో తుపాకి పేల్చవద్దని కార్యవర్గం తీర్మానించింది. అక్కడ వలే శరణ్యం.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోగలిగిన పని. ఫిబ్రవరిలో ఒక ఆదివారం చిక్కబళ్ళాపుర దగ్గర మన సభ్యుడి ద్రాక్ష తోటలో తుపాకుల తనిఖీ శిబిరం పెట్టాం. మనలో చాలామందికి ఇల్లు సిటీలో, తోట ఊళ్లో. లైసెన్సు ఇచ్చింది నగర పోలీస్ కమిషనర్, తోట ఉన్నది డీసీ (జిల్లా డిప్యూటీ కమిషనర్) గారి జిల్లాలో. తోట ఉన్న స్టేషన్‌కు మన పేరు తెలియదు, మనకు వాళ్లు తెలియరు. ఏదైనా ఫోన్ వచ్చినప్పుడే మొదటిసారి ముఖాలు చూసుకుంటున్నాం. అలా కాకుండా మనమే ముందు పిలుద్దామని అధ్యక్షులు అన్నారు. రెండు స్టేషన్ల నుంచి పోలీసులు, అటవీశాఖ నుంచి ఒక గార్డు వచ్చారు.

పందిరి కింద టార్పాలిన్ పరిచి, తుపాకులన్నీ మడత విప్పి, గొట్టాలు ఖాళీగా కనిపించేలా వరుసగా పెట్టాం. తూటాలు వేరే పెట్టెలో, వేరే మనిషి దగ్గర. ఎస్సై గారు మోకాళ్ల మీద కూర్చొని ఒక్కో తుపాకి నంబరు చదువుతుంటే, కానిస్టేబుల్ లైసెన్సు పుస్తకంలో టిక్ పెడుతూ, యూఐఎన్ (లైసెన్సుదారు ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాసుకుంటూ వచ్చారు. ఒక తుపాకి దగ్గర ఆగారు. పుస్తకంలో 3, ఇనుము మీద 8. ఎండలోకి తీసుకెళ్లి, సుద్ద రుద్ది చూస్తే 8 అని తేలింది. ఎప్పుడో ఏ గుమాస్తానో రాసిన ఒక్క అంకె తప్పు. చెక్‌పోస్టులో దొరికి ఉంటే ఆ సభ్యుడు ఎవరికి చెప్పుకొనేవాడు? దిద్దుబాటుకు అర్జీ అక్కడే రాయించి, దాని మీద తనిఖీ చేసినట్టు ఎస్సై గారు రాసి ఇచ్చారు. ఆయనది బాగేపల్లి వైపట, మన పెద్దవాళ్లతో చక్కగా తెలుగులోనే మాట్లాడారు. "మీరు పిట్టను కొట్టరని నాకు తెలిస్తే, శబ్దం వచ్చిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ముందు మీకే చేస్తాను" అన్నారు. ఆ మాట కోసమే ఇన్నేళ్లు ఎదురుచూశాం.

శిబిరంలో ఇంకో ముఖ్యమైన విషయం తేలింది. కొందరు తుపాకిని కాపలా మనిషికి అప్పగించి సిటీకి వచ్చేస్తున్నారు. అది చట్టవిరుద్ధం. లైసెన్సుదారు దగ్గర ఉన్నప్పుడు తుపాకి మోయడం వేరు, ఆయన లేనప్పుడు ఇంకొకరు పేల్చడం వేరు. దయచేసి మానేయండి.

ఆ రోజు రాగిసంకటి, నాటుకోడి పులుసు వండి పెట్టిన మహిళా విభాగానికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఒకటి మాత్రం చెప్పక తప్పదు. శిబిరానికి వస్తామని గ్రూపులో చేతులెత్తినవారు ఇరవై ఆరుగురు, పొద్దున ఏడింటికి టార్పాలిన్ పరచడానికి వచ్చింది ఐదుగురు. అందులో ఇద్దరు డెబ్భై దాటినవాళ్లు. తుపాకులు ఉన్న చోట జనాన్ని దూరంగా నిలబెట్టడానికి మనుషులు కావాలి, భోజనం వేళకు వచ్చి ఫోటో దిగితే సరిపోదు. నాకు ఇది నిజంగా బాధ కలిగించింది.

కొడగు వాళ్లకు లైసెన్సు మినహాయింపు ఉంది కదా, మనకెందుకు లేదని ప్రతి సభలోనూ అడుగుతున్నారు. అది కొడవ జాతివారికి, జమ్మా భూమి (కొడగులో వంశపారంపర్యంగా వచ్చే భూమి) హక్కుదారులకు ఎప్పటినుంచో ఉన్నది. 2019లో కేంద్రం దాన్ని 2029 అక్టోబర్ 31 వరకు పొడిగించింది. దాంతో మనకు పోలిక లేదు, ఆ చర్చ మీద ఈ ఏడాది సమయం పెట్టవద్దని మనవి.

జమాఖర్చులు జతచేసిన పేజీలో ఉన్నాయి, ఆడిటర్ గారు సంతకం చేశారు. శిబిరం ఖర్చు, లాయర్ ఫీజు పోగా మిగిలినది బ్యాంకులోనే ఉంది. చందా బాకీ ఉన్నవారు కోశాధికారి గారిని కలవండి.

వచ్చే ఏడాదికి మూడు పనులు అనుకున్నాం. అటవీశాఖ అర్జీ మీద సమాచార హక్కు కింద అడగడం మొదటిది. వలలు కలిసి కొనడం రెండోది, దీనికి దొడ్డబళ్ళాపుర సభ్యులు ధరలు తెస్తామన్నారు. మూడోది డిపాజిట్ కాగితం, పంచాయతీ ఎన్నికలు రాకముందే అది అందరి దగ్గరా ఉండాలి. డిపాజిట్ అడిగితే ఇవ్వడానికి తుపాకి నంబరు, గొట్టం లోపలి స్థితి, అప్పగించిన తేదీ రాసి ఇద్దరూ సంతకం చేసే ఒక కాగితం తయారు చేశాం. నకళ్లు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఒక్కొక్కరు రెండేసి తీసుకెళ్లండి, ఒకటి స్టేషన్‌కు, ఒకటి మీకు.

ఇట్లు,
కార్యదర్శి