కిలో ధర కూడా రాయించండి

సంపాదకుడికి,

నెల మొదటి ఆదివారం విజయనగరంలో డిస్కౌంట్ సూపర్‌మార్కెట్ల ముందు స్కూటర్ పెట్టడానికి చోటుండదు. పింఛను పడగానే మేమూ రెండు సంచులు పట్టుకుని బయల్దేరతాం. సబ్బులు, పేస్టు, బట్టల పౌడరు ఎమ్మార్పీ కంటే తక్కువకే ఇస్తున్నారు. అక్కడ నాలుగు డబ్బులు మిగులుతున్న మాట నిజం. నా గోడు నూనె, పప్పుల దగ్గర.

మొన్న ఒకే అరలో రెండు నూనె ప్యాకెట్లు ఉన్నాయి. ఒకటి 150 రూపాయలు, రెండోది 130. మా ఆవిడ 130ది తీసి బుట్టలో వేసింది. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని చూస్తే అది 750 గ్రాములే. వదిలేసి వచ్చింది లీటరు ప్యాకెట్, అంటే 910 గ్రాములు. కిలో లెక్కన మేం కొన్నది 173 రూపాయలు, వద్దనుకున్నది 165. లెక్కల మాస్టారుగా రిటైరైన నా పరిస్థితే ఇది.

ఒకప్పుడు ఇలాంటి సరుకులు ఏయే బరువుల్లో ప్యాక్ చేయాలో నిబంధనల్లోనే ఉండేది. 2021 సవరణలో అది తీసేసి, బదులుగా యూనిట్ ధర ముద్రించాలన్నారు. కిలో దాటితే కిలోకు, లోపైతే గ్రాముకు. ముద్రిస్తున్నారు కూడా, ఎక్స్‌పైరీ తేదీ పక్కన చీమల బారులాగా! గ్రాముకు 0.16, 0.17 అని ఉంటే ఎవరికి తడుతుంది? అక్కడ ఒక పైసాలా కనిపించింది కిలోకొచ్చేసరికి ఎనిమిది రూపాయలు దాటుతోంది.

బియ్యానిది ఇంకో కథ. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. వెంటనే 26 కిలోల బస్తాలు దిగాయి. పన్ను తప్పింది, సంతోషమే. కానీ ఒక షాపులో 25, ఇంకో షాపులో 26 ఉంటే బస్తా ధర చూసి ఏది చవకో ఎలా చెప్పగలం?

అర మీద చీటీలో ఒక ధర, బిల్లులో మరో ధర రావడం కూడా నాకు రెండుసార్లు ఎదురైంది. అడిగితే "ఆఫర్ నిన్నటితో అయిపోయింది సార్, చీటీ మార్చలేదు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. జీతానికి పనిచేసేవాణ్ణి ఏమంటాం?

మా వీధి కిరాణా కొట్టులో నాలుగు రూపాయలు ఎక్కువే కావచ్చు, కానీ కిలో ఎంతో ముందే చెప్పి కళ్లముందే తూస్తాడు. చోడిపిండి, చింతపండు ఇప్పటికీ అక్కడే కొంటాం. రైతుబజారులో వంకాయలకు సైతం కిలో ధర బోర్డు మీద ఉంటుంది. ఏసీ షాపులో నూనెకు ఎందుకుండకూడదు?

తూనికలు కొలతల శాఖ అధికారులు పండగల ముందు మాత్రమే కాక, నెల మొదటి వారంలోనూ ఈ షాపుల్లో తనిఖీ చేయాలి. అర మీది చీటీలో ప్యాకెట్ ధర పక్కనే కిలో ధర కూడా అంతే పెద్ద అంకెల్లో, తెలుగులో రాసేలా జిల్లా యంత్రాంగం యజమానులను ఒప్పించాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 బిల్లింగ్ కౌంటర్ దగ్గర అందరికీ కనబడేలా పెట్టించాలి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం