టికెట్ కంటే ముందు గది లెక్క చూడాలి

సంపాదకులకు నమస్కారం.

థీమ్ పార్కుకు తక్కువ ఖర్చుతో వెళ్లిరావడం గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పే మాట, రద్దీ లేని రోజుల్లో వెళ్లమనే. సలహా తప్పు కాదు గానీ బడికి వెళ్లే పిల్లలున్న ఇంటికి అది అక్కరకు రాదు. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ 2016లో ఒకరోజు టికెట్లకు రద్దీని బట్టి మూడు ధరలు పెట్టి, 2018లో తేదీని బట్టి ధర మారే పద్ధతికి వెళ్లింది. టోక్యో డిస్నీ రిసార్ట్ 2021లో అదే దారి పట్టింది. బడులకు సెలవులిచ్చే రోజులే ఈ పట్టికల్లో ఖరీదైన రోజులు. కాబట్టి తల్లిదండ్రులు డబ్బు మిగుల్చుకోగలిగిన చోటు టికెట్ల కిటికీ కాదు, బస చేసే గది అని నా అభిప్రాయం.

పార్కు హోటల్ ఖరీదని, బయటి హోటల్ చవకని చాలామంది ముందే తేల్చేసుకుంటారు. ఒక రాత్రి అద్దెను మాత్రమే పోల్చితే అది నిజమే. కానీ బయటి గదికి పన్నులు, తప్పనిసరి రుసుములు, అక్కడా పార్కు దగ్గరా పార్కింగ్, రోజూ రానుపోను ఖర్చు కలిపి చూస్తే తేడా కొన్నిసార్లు పూర్తిగా కరిగిపోతుంది. ఫ్లోరిడాలోనే ఉన్న మరో థీమ్ పార్కుల సముదాయం యూనివర్సల్ ఒర్లాండోలోని కొన్ని పై తరగతి హోటళ్లలో దిగితే, వరుసలో ఎక్కువసేపు నిలబడకుండా పంపించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదిలో ఉండే అందరికీ అద్దెతోపాటే వస్తుంది. గదిలో దిగిన రోజూ ఖాళీ చేసిన రోజూ కూడా అది చెల్లుతుంది కనుక ఒక్క రాత్రి బసకు రెండు రోజుల పాసులు దక్కుతాయి. నలుగురికి ఆ పాసులు విడిగా కొనాలనుకునే వారికి ఖరీదైన గదే చవక కావచ్చు. అయితే అది అక్కడి పాత రెండు పార్కులకే పరిమితం, 2025లో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌కు వర్తించదు. పాసు అవసరమే లేదనుకునే వారికి ఈ లెక్క పనికిరాదు.

ఐదుగురున్న కుటుంబాల సంగతి మరీ ఇబ్బంది. నలుగురికి మించి ఒప్పుకోని గదులే ఎక్కువ కాబట్టి ఐదో మనిషి కోసం రెండో గది తీసుకోవలసి వస్తుంది. అలాంటప్పుడు చిన్న వంటగదితో కూడిన పెద్ద గది పార్కు బయట తీసుకోవడమే మేలు.

టికెట్ల విషయంలో చెప్పదగినవి రెండే. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు, పదేళ్లు నిండితే పెద్దల ధరే. టోక్యోలో పెద్దల ధర పద్దెనిమిదేళ్లకు గానీ మొదలవదు. పుట్టినరోజు దగ్గరపడిన పిల్లలుంటే ఆ రోజు రాకముందే ప్రయాణం పెట్టుకోవచ్చు. రెండోది, టికెట్లను ప్యాకేజీలో కాకుండా విడిగా కొనేటప్పుడు ఇంట్లో అందరికీ ఒకే సంఖ్యలో రోజులకు కొననక్కర్లేదు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో సవారీలకు విడిగా కూపన్లు ఇవ్వవలసిన పద్ధతి, అంటే 1982 వరకూ సాగిన కూపన్ పుస్తకాల కాలంలో ఏ సవారీ ఎక్కని అమ్మమ్మ ప్రవేశ రుసుముతో సరిపెట్టుకునేది. ఇప్పుడు బెంచీ మీద కూర్చున్నందుకూ పూర్తి టికెట్టే! మూడు రోజుల ప్రయాణంలో పెద్దవాళ్లు ఒక్కరోజు పార్కుకు వచ్చి, మిగతా రోజులు గదిలో విశ్రాంతి తీసుకుంటే వారికీ సుఖం, ఖర్చూ తగ్గుతుంది.

ప్యాకేజీలు కొనేవారు ఇంకొకటి గమనించాలి. చేరిన రోజుకు కూడా పార్కు టికెట్ కలిపి అమ్మితే, మధ్యాహ్నం దాటాక లోపలికి వెళ్లి పూర్తి రోజు ధర చెల్లించినట్టవుతుంది. గదినీ టికెట్లనూ విడివిడిగా కొంటే ఎంతవుతుందో చూడకుండా ప్యాకేజీ ఖాయం చేసుకోకూడదు.

అమెరికాలో 2025 మే నుంచి హోటళ్లు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరనే ప్రకటనల్లో చూపాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. పార్కింగ్ వంటివి ఇప్పటికీ విడిగా ఉండవచ్చు. మీ పర్యాటక పేజీలో ఇటువంటి పార్కుల గురించి రాసేటప్పుడు ప్రవేశ ధర ఒక్కటే ఇవ్వకుండా, బడి సెలవుల్లో ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు రెండు రాత్రులు ఉంటే గది, రుసుములు, పార్కింగ్, టికెట్లు కలిపి ఎంతవుతుందో కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు