హిట్లర్ పుస్తకం పక్కన ఇది కూడా పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

కెనడా రాక్ బ్యాండ్ ‘రష్’ మళ్లీ టూర్‌కి బయల్దేరుతోందని మీరు వేసిన చిన్న వార్త చూశాను. 2015 తర్వాత వాళ్ల టూర్ లేదు. 2020లో డ్రమ్మర్ నీల్ పియర్ట్ పోయారు. ఇప్పుడు కొత్త డ్రమ్మర్‌తో వస్తున్నారు. బాగానే ఉంది గానీ, ఆ బ్యాండ్‌లో పాడుతూ బాస్ గిటార్ వాయించే గెడీ లీ ఎవరి బిడ్డో రెండు ముక్కలు రాయాల్సింది.

అసలు పేరు గ్యారీ లీ వైన్‌రిబ్, 1953లో టొరంటోలో పుట్టారు. అమ్మానాన్నలు పోలండ్ యూదులు. నాజీల చేతికి చిక్కేనాటికి ఇద్దరూ టీనేజీ పిల్లలే. ఆష్‌విట్జ్ అనే నాజీ నిర్బంధ క్యాంపులో ఉన్నప్పుడు ఆ కుర్రాడు కాపలావాళ్లకు లంచమిచ్చి ఆ అమ్మాయికి బూట్లు పంపించాడట. తర్వాత ఆమెను బెర్గెన్-బెల్సెన్ క్యాంపుకీ, అతన్ని డాఖావ్ క్యాంపుకీ తరలించారు. యుద్ధం అయిపోయాక అతను వెతుక్కుంటూ వెళ్లి ఆమెను పెళ్లాడాడు. ఇద్దరూ కెనడా చేరారు.

గెడీకి పన్నెండేళ్లప్పుడు తండ్రి చనిపోయారు. యూదుల ఆచారం ప్రకారం పదకొండు నెలలు రోజూ సినగాగ్‌కి, అంటే వాళ్ల గుడికి, వెళ్లి ప్రార్థన చేశాడు. అన్నాళ్లూ సంగీతం ముట్టకూడదు. తల్లి ఒక్కతే చిన్న దుకాణం నడిపి పిల్లల్ని పెంచింది. 1974లో కొడుకు బ్యాండ్ తొలి ఆల్బమ్ వస్తే ఆ కొట్టు కిటికీల నిండా పోస్టర్లు అంటించింది. క్యాంపు నుంచి విడుదలైన రోజు ఏమనిపించిందని అతను అడిగితే, తాను నమ్మలేదందామె. బయట లోకమంటూ ఒకటుంటే ఇలాంటిది జరగనిస్తుందా, అందరూ చచ్చిపోయి ఉంటారు అనుకుందట. ఆ మాట విని నీల్ పియర్ట్ రాసిన పాటే 1984 నాటి ‘రెడ్ సెక్టర్ ఎ’.

ఇదంతా ఎందుకంటే, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద హిట్లర్ ఆత్మకథ వ్యక్తిత్వ వికాస పుస్తకాల పక్కనే దర్జాగా కూర్చుని ఉంటుంది. డిసిప్లిన్ నేర్చుకోవచ్చని కొనే కుర్రాళ్లున్నారు. 2012లో అహ్మదాబాద్‌లో ఒక బట్టల షాపుకే హిట్లర్ అని పేరు పెట్టారు, గొడవయ్యాక ఆ పేరు పోయింది. వీళ్లకు యూదులంటే ద్వేషమని నేను అనుకోను. ఒక్క యూదుణ్ణి కూడా చూసి ఉండరు. అవతలివాళ్ల గోడు చెవిన పడలేదు, అంతే. నాజీల నుంచి దాక్కున్న యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ డైరీ చదివినవాళ్లు ఉంటారు. కానీ అది ఆమె అరెస్టుకు ముందే ఆగిపోతుంది. ఆ పిల్ల చనిపోయిందీ బెర్గెన్-బెల్సెన్‌లోనే. అక్కణ్నుంచి బతికి బయటపడ్డవాళ్లు తర్వాత సంసారం ఎలా చేశారు, పిల్లలకు ఏం చెప్పుకున్నారు అన్నది మన పత్రికల్లో నాకు కనిపించలేదు.

గెడీ తల్లి 2021లో కన్నుమూశారు. 2023లో ఆయన తెచ్చిన ఆత్మకథలో అమ్మానాన్నల క్యాంపు జీవితం వివరంగా ఉంది. మీ ఆదివారం అనుబంధంలో కనీసం ఆ భాగాన్ని పరిచయం చేయండి. తెలుగు హక్కులు తీసుకునే ప్రచురణకర్త దొరికితే ఇంకా మంచిది. ఫుట్‌పాత్ మీద అమ్ముడయ్యే ధరలో రావాలి సుమా.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్