సయాటికాకు అందరికీ ఒకే వ్యాయామమా?

సంపాదకులకు,

‘ఆపరేషన్ లేకుండా సయాటికా నయం’ అంటూ ఆరోగ్య పేజీల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు అందరికీ ఒకే ఆసనాల పట్టిక ఇచ్చేస్తున్నాయి. తేడా కొట్టేది అక్కడే. పిరుదు నుంచి తొడ వెనకగా పిక్క, పాదం దాకా లాగే ఈ నొప్పికి ఎక్కువగా కారణం, నడుము కింది భాగంలో వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బి నరం మొదలును ఒత్తడం. ఆ ఉబ్బు చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది. 6 నుంచి 12 వారాల్లో నొప్పి బాగా తగ్గుతుంది. అప్పటిదాకా నరాన్ని రెచ్చగొట్టకుండా చూసుకోవాలి.

ముందు తమ నడుముకు ఏ దిశ పడుతుందో తేల్చుకోవాలి. బోర్లా రెండు నిమిషాలు పడుకుని, తర్వాత మోచేతులపై ఛాతీ లేపి మరో రెండు నిమిషాలు ఉండాలి. నొప్పి పిక్కను వదిలి తొడకు, తొడను వదిలి నడుముకు ఎక్కివస్తుంటే, నడుములో కాస్త పెరిగినా సరే, అది మంచి సూచనే. అలాంటివాళ్లు అరచేతులు ఆనించి, నడుము వదులుగా ఉంచి, ఛాతీని పదిసార్లు లేపి దించాలి. రోజుకు నాలుగైదు విడతలు చేయొచ్చు. నొప్పి కిందికి పాకితే వెంటనే ఆపాలి. నడిస్తే కాళ్లు లాగి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో హాయిగా ఉండే పెద్దవయసువాళ్ల సంగతి వేరు. వాళ్లలో వెన్నులో నరాల దారే ఇరుకై ఉంటుంది. వాళ్లకు ఇలా ఛాతీ లేపే భుజంగాసనం చెప్పకూడదు. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలిని ఛాతీకి లాక్కోవడం మేలు.

డిస్కు నొప్పి తాజాగా ఉన్నప్పుడు కాళ్లు చాపి వేళ్లు అందుకోవడం అన్నిటికన్నా చేటు. పిక్క పట్టేసిందనుకుని సాగదీస్తారు. అక్కడ బిగిసింది కండరం కాదు, నరం. లాగినకొద్దీ మండుతుంది. రాత్రంతా నీరు పీల్చుకుని డిస్కు ఉబ్బి ఉంటుంది కాబట్టి, లేచిన గంటలోపు వంగి ముగ్గు వేయడం, బిందె ఎత్తడం వద్దు. రెండు రోజులకు మించి మంచాన ఉండొద్దు. చదును నేల మీద రోజుకు మూడుసార్లు, పదేసి నిమిషాలు నడిస్తే చాలు. కూర్చునేవాళ్లు అరగంటకోసారి లేవాలి. వెనక జేబులో పర్సు తీసేయాలి.

తిండి విషయంలో చెప్పేది తక్కువే. ఏ ఆహారమూ డిస్కును లోపలికి నెట్టదు. వాతమని పప్పు మాన్పించడం మాత్రం నష్టం, కండకు కావలసిన మాంసకృత్తులు పోతాయి. మలబద్ధకం రానివ్వకూడదు. ముక్కినప్పుడు డిస్కుపై ఒత్తిడి పెరిగి కాలు జివ్వుమంటుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు మలబద్ధకాన్ని ఇంకా పెంచుతాయి. తోటకూర, చిక్కుడు, జామ, జొన్నరొట్టె, సరిపడా నీళ్లు తీసుకోవాలి. పొట్ట ఉంటే బరువు తగ్గాలి. రెండు అరికాళ్లూ మండుతుంటే అది సయాటికా కాకపోవచ్చు. ఏళ్ల తరబడి మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, పాలూ గుడ్డూ ముట్టనివాళ్లు అప్పుడు విటమిన్ బి12 పరీక్ష చేయించుకోవాలి.

ఇలాంటి వ్యాసాలు, ప్రకటనల పక్కనే ఈ హెచ్చరిక కూడా అచ్చువేయాలని కోరుతున్నాం: మూత్రం బిగుసుకున్నా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా వ్యాయామం ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి మూడింటిలో గంటల ఆలస్యమైనా మలమూత్రాలపై పట్టు మళ్లీ రాకపోవచ్చు.

– కొందరు ఫిజియోథెరపిస్టులు, ఖమ్మం