బైలాలో ఊరుంది రా

దోస్తూ,

దసరాకి రాస్తానన్న ఉత్తరం సంక్రాంతి దాటాక రాస్తున్నా, కోపం పెట్టుకోకు. అమ్మ మోకాలు నయం, చెల్లె మిర్యాలగూడలోనే ఉంది, బత్తాయిలు ఈసారి ఫర్వాలేదు. మిగతావి మళ్లీ రాస్తా, ముందు ఇది విను, నాలుగు రోజుల నుంచి కడుపులో ఆగడం లేదు.

మా కాలనీ సంఘం రిజిస్ట్రేషన్‌కి బైలాలు, అంటే సంఘం నియమాలు, రాసుకుంటున్నాం. బోరు మోటరు ఎవరెన్ని గంటలు వేసుకోవాలన్న దగ్గర పంచాయితీ మొదలైంది. ఒక పెద్దమనిషి లేచి, "బై ఎలక్షన్ అంటే ఉప ఎన్నిక, బైపాస్ అంటే పక్క రోడ్డు, బైలా అంటే పక్క చట్టం, పాటించకుంటే ఏమైతది?" అన్నాడు. 2022లో మునుగోడు సందడి చూసినోళ్లం కదా, అందరూ తలూపారు. తెలుగులో కూడా ఉపవిధి అనే రాస్తాం మరి. నాకు మాత్రం నిద్ర పట్టలేదు, రాత్రంతా నిఘంటువులు తిరగేశా.

బైలాలో 'బై' అంటే పక్క కాదు రా, ఊరు! వెయ్యేళ్ల కింద ఓడలెక్కి ఇంగ్లండు మీద పడి, తర్వాత అక్కడే సేద్యం చేసుకుంటూ ఉండిపోయిన వైకింగుల మాట అది. డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ చివర ఉన్న 'బీ' అదే, మన ఊళ్లకి పల్లి, గూడెం ఉన్నట్టు. డెర్బీ అంటే జింకల ఊరు! డెన్మార్కులో ఇప్పటికీ పట్టణాన్ని ఆ మాటతోనే పిలుస్తారు. 'లా' కూడా వాళ్లు తెచ్చిందే, ఖాయం చేసి పెట్టినది అని. రెండూ కలిస్తే ఊరి కట్టుబాటు. పక్క అన్న అర్థం తర్వాత జనం అంటగట్టిందే.

స్కాట్లాండు పల్లెల్లో ఈ బైలా మాటతోనే బిర్లామెన్ అని ఉండేవాళ్లు, ఊరివాళ్లే. ఎవరి పశువులు ఎవరి చేలో పడ్డాయో, కంచె ఎవరిదో వాళ్లే తేల్చేవాళ్లు. అది చదువుతుంటే బందెలదొడ్డి, మన బర్రె, ఆ మధ్యాహ్నం... నీకు చెప్పాల్నా? తాత ఏ కాగితం చూడలేదు, నలుగురూ అనుకున్న మాట మీద నిలబడి సొంత మనవడికే జుర్మానా వేశాడు. ఆ రోజు ఎంత ఏడ్చానో, ఇప్పుడు తలుచుకుంటే గొంతు పట్టేస్తోంది.

ఆదివారం మీటింగులో ఇదంతా చెప్పా. పెద్దమనిషి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అయితే ఇంటికి గంటే అని రాయుండ్రి, నాక్కూడా" అన్నాడు.

కానూన్ సంగతి కూడా చెప్పాలి నీకు, కచేరీల ఉర్దూలోంచి మనకొచ్చింది గాని మొదలు గ్రీకు మాట, కొలబద్ద అని... అరే, మోటరు వంతు మాదొచ్చింది, గంటే ఉంది, ఉంటా.