ఆ పిల్ల నాటకమాడటం లేదు

సంపాదకుడి గారికి,

మా బడిలో పదో తరగతి అమ్మాయి ఒకరోజు లెక్కల పీరియడ్‌లో బెంచీ మీంచి జారిపడింది. పళ్లు బిగుసుకున్నాయి, కళ్లు గట్టిగా మూసుకుంది. ఒకరు తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టారు, ఇంకొకరు ఉల్లిపాయ కోసి వాసన చూపించారు. పావుగంట తర్వాత లేచి, "టీచర్, ఎక్కడున్నాను?" అంది. ఆ నెలలో అది మూడోసారి.

మూర్ఛేమోనని ఆస్పత్రికి తీసుకెళితే ఈఈజీలో (మెదడు పనితీరు చూసే పరీక్ష) ఏమీ రాలేదు, బడి ఎగ్గొట్టే వేషాలని పంపేశారు. ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టారు. నేనూ ఒకసారి కసిరాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చివరికి ఒక మానసిక వైద్యురాలు అడిగింది, ఇవి మొదలవకముందు ఇంట్లో ఏం జరిగిందని. తండ్రి తాగొచ్చి తల్లిని కొడుతుంటే ఆ పిల్ల రెండేళ్లుగా తలుపు పక్కన నిలబడి చూస్తోంది. "అప్పుడు నేను అక్కడ లేనట్టు, అదంతా ఎవరింట్లోనో జరుగుతున్నట్టు ఉంటుంది" అంది.

దీన్నే వైద్యులు డిసోసియేషన్ అంటారు. పారిపోయే దారి లేనప్పుడు మనసు తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. తర్వాత్తర్వాత పరీక్షల టెన్షన్ వచ్చినా, ఎవరైనా గట్టిగా అరిచినా అదే జరుగుతుంది. కొందరు పడిపోతారు, కొందరికి మాట పోతుంది, కొందరికి జరిగింది గుర్తుండదు. కావాలని చేసేది కాదిది. కష్టాలు పడ్డ వాళ్లందరికీ రాదు, వచ్చిన ప్రతి ఒక్కరి వెనకా హింసే ఉందనీ చెప్పలేం. అందుకే ఊహించకుండా అడగాలి. కొందరికి మూర్ఛ కూడా ఉండొచ్చు కాబట్టి డాక్టరు చెప్పకుండా మూర్ఛ మందులు ఆపకూడదు.

ఆ అమ్మాయికి ఇప్పుడు పడిపోవడం తగ్గింది, పూర్తిగా పోలేదు. వచ్చేలా ఉందనిపిస్తే నా టేబుల్ దగ్గరికొస్తుంది. మనసు మళ్లీ ఇక్కడికి వచ్చేలా చల్లటి నీళ్ల సీసా చేతికిచ్చి, గదిలో ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమంటాను.

మానసిక వైద్యం అందరి హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబరు మా బడి గోడ మీద లేదు. జూన్‌లో బడులు తెరిచేలోపు ప్రతి తరగతి గదిలో దాన్ని రాయించాలని, టీచర్ల శిక్షణలో ఒక్క పూట దీనికి కేటాయించాలని, గురుకులాల్లో, కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో కౌన్సెలర్లను నియమించాలని విద్యాశాఖను కోరుతున్నాను.

- ఒక ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

(పిల్లను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.)